సెజిమ్ వదిలేసిన గడియారం

తురాత్ అతా చదరంగంలో గుర్రాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని ఉండగానే చనిపోయాడు.

బిష్కెక్‌లో ఓక్ చెట్ల పార్కు. మార్చి నెల ఎండ. ఎదురుగా కూర్చున్న ముసలాయన, అతా తన ఎత్తు ఆలోచిస్తున్నాడనుకుని చాలాసేపు ఓపిక పట్టాడు. చివరికి విసుగొచ్చింది.

"అతా, ఆ గుర్రాన్ని దించుతారా, దానికి గడ్డి తెప్పించమంటారా?"

గుర్రం కిందికి దిగలేదు. అప్పుడు చూశాడు. కోటు జేబు కింద ఎర్రటి తడి మెల్లగా పాకుతోంది. పేలిన చప్పుడు ఎవరూ వినలేదు. సైలెన్సర్.

పార్కులో అందరూ ఆయన్ని పెద్దాయన అన్నట్టు అతా అని పిలిచేవారు, రిటైరైన లెక్కల మాస్టారనుకునేవారు. నిజానికి ఆయన గూఢచారి శాఖకు పాత అధిపతి. దేశంలోకి చొరబడే విదేశీ ముఠాలను పట్టుకోవడమే ఆయన పని. ఉద్యోగం వదిలాక పేరు మార్చుకున్నాడు, ఇల్లు మార్చుకున్నాడు, మీసం కూడా తీసేశాడు. చదరంగం ఒక్కటే వదల్లేకపోయాడు.

ఆ సాయంత్రమే కల్నల్ దామిరా ఏజెంట్ ఎర్నిస్‌ను పిలిపించింది. ఆమె ఇప్పటి అధిపతి. శాఖలో చిన్నా పెద్దా అందరూ ఆమెను "ఎజె" అంటారు, అక్క అన్నట్టు. అక్క అన్నారు కదా అని ఆమె ఎవరినీ తమ్ముడిలా చూసింది లేదు.

"కూర్చో ఎర్నిస్."

"ఫరవాలేదు ఎజె."

"ఆయన ఆ పార్కుకి వస్తాడని ఎవరికి తెలుసు?"

"మీకు. నాకు."

"ఇంకా?"

ఎర్నిస్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"నీ నోటితోనే చెప్పు."

"సెజిమ్‌కి."

సెజిమ్ ఒకప్పుడు అతని భార్య. శాఖలో ఏజెంట్లకు నెట్‌వర్క్ పాఠాలు చెప్పేది. ఉన్నట్టుండి ఒకరోజు విడాకుల కాగితం అతని ముందు పెట్టింది. కారణం అడిగితే, "విసుగొచ్చింది" అంది. నెల తిరక్కుండానే ఉద్యోగం మానేసి, కాస్పర్ అనే విదేశీయుడి ముఠాలో చేరింది. ఎర్నిస్ ఆ తర్వాత ఇంట్లో టీ పెట్టుకోవడం మానేశాడు. రెండు గిన్నెలున్న ఇంట్లో ఒక గిన్నె తియ్యడం అతని వల్ల కాలేదు.

ఇప్పుడు దేశం మొత్తానికి ఆమె ముఖం తెలుసు. కాస్పర్ ముఠా "అచిక్" పేరుతో ఉచితంగా ఒక ప్రాక్సీ సర్వర్ నడుపుతోంది. ఆఫీసుల్లో, హాస్టళ్లలో ఏ సైట్ తెరుచుకోకపోయినా జనం దాని ద్వారా వెళుతున్నారు. మనం నేరుగా వెళ్లి తలుపు తట్టం. మధ్యవాడికి చెబుతాం. వాడు మన పేరు చెప్పకుండా వెళ్లి, కావలసింది తెచ్చి మన చేతిలో పెడతాడు. మధ్యవాడు దొంగైతే మన ఇల్లంతా వాడి చేతిలో ఉన్నట్టే. ఆ మధ్యవాణ్ణి ఎలా పెట్టుకోవాలో వీడియోల్లో నేర్పేది సెజిమ్. ఆకుపచ్చ పట్టు గౌను, పొడవాటి వెండి జుంకాలు, నిద్రలోంచి అప్పుడే లేచినట్టుండే గొంతు.

"బ్రౌజర్‌లో పెట్టాం కదా, ఇక అయిపోయిందనుకోకండి జానిమ్," అంటుంది ముద్దుగా. "బ్రౌజర్‌కి పెట్టింది మెయిల్‌కి పట్టదు. మెయిల్‌కి పెట్టింది చాట్‌కి పట్టదు. ఎవరి సెట్టింగ్ వాళ్లదే. పెడితే అన్నిటికీ పెట్టాలి, లేకపోతే దేనికీ వద్దు."

"నౌరూజ్ పండగ రోజు ఏదో పెద్దది చెయ్యబోతున్నారు," అంది దామిరా. "ఏమిటో తెలీదు. వాళ్లు ఎక్కడున్నారో తెలీదు. అన్నీ ఆ ప్రాక్సీ వెనక దాగి ఉన్నాయి. ముందు ఆమెని పట్టుకో. ప్రాణాలతో తెస్తే మంచిది."

"తేలేకపోతే?"

"ఆమె అతాని చూపించి చంపించింది, ఎర్నిస్. తేలేకపోతే చంపి అక్కడే వదిలెయ్."

ఎర్నిస్ తల ఊపి బయటికొచ్చాడు.

ఆ రాత్రి అతను సెజిమ్ వీడియోలన్నీ వరసగా చూశాడు. ఆ సాయంత్రమే పెట్టిన చివరిదాంట్లో ఆమె తన కంప్యూటర్‌నే తెర మీద చూపిస్తూ ఒక్కో అప్లికేషన్‌కీ ప్రాక్సీ అడ్రస్ పెడుతోంది. బ్రౌజర్. మెయిల్. చాట్. పాటల యాప్. ఆఖరున గడియారం దగ్గర ఆగింది. అది ఎంతసేపటికొకసారి టైమ్ సరిచూసుకోవాలో మార్చి, "నిమిషానికోసారి" అని పెట్టింది. తర్వాత నవ్వి, "గడియారానికి ప్రాక్సీ ఎందుకులెండి, వదిలేద్దాం" అంటూ కెమెరాలోకి నేరుగా చూసింది.

ఎర్నిస్ వీడియో ఆపాడు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు.

ఆమె క్లాసులో మొదటి పాఠమే అది. గడియారం కూడా ఒక అప్లికేషనే. టైమెంతని బయటికెళ్లి అడగడానికి అది ఎవరి అనుమతీ తీసుకోదు. అందరూ దాన్ని మరిచిపోతారు, అక్కడే దొరికిపోతారు. ఈ పాఠం చెప్పే మనిషి గడియారాన్ని మరిచిపోదు. వదిలేసిందంటే, కావాలనే వదిలేసింది.

రాజధానిలో దేశం మొత్తానికి టైమ్ చెప్పే సర్వర్ ఒకటుంది. ఆమె మర్నాడు లైవ్‌లోకి రాగానే, ఆ సర్వర్ తలుపును నిమిషం తప్పకుండా తట్టిన కంప్యూటర్ ఒక్కటే కనిపించింది. అక్-బులాక్ అనే చిన్న ఊరు. కోక్-సుయ్ నది ఒడ్డున, ఆనకట్టకు సరిగ్గా కింద.

"ఉచ్చు అయ్యుండొచ్చు," అంది దామిరా.

"అయ్యుండొచ్చు ఎజె."

"అయినా వెళతావు."

"ఆమె గడియారం ఎప్పుడూ తప్పు చెప్పలేదు."

*

నౌరూజ్ పొద్దున అక్-బులాక్ వీధులన్నీ గోధుమ మొలకల పాయసం వాసన వేస్తున్నాయి. ఆడవాళ్లు పెద్ద పెద్ద మంటల మీద ఆ సుమొలోక్ పాయసాన్ని కలుపుతూ, రాత్రంతా నిద్రలేని కళ్లతో పాటలు పాడుకుంటున్నారు. జనం తండోపతండాలుగా నది ఒడ్డుకి దిగుతున్నారు. గుర్రప్పందేలు అక్కడే, విందులు అక్కడే.

నెరిసిన గడ్డం అంటించుకుని, కరెంటు ఆఫీసు నీలం కోటు తొడుక్కుని ఎర్నిస్ ఆ ఇంటి పచ్చ గేటు తట్టాడు. భుజాన మీటర్ రీడర్ సంచి. అందులో ఇటుకంత ల్యాప్‌టాప్.

కాపలావాడు గేటు సగమే తెరిచాడు. "పండగ రోజు కూడా వదలరా మీరు?"

"కరెంటుకి పండగేముంది తమ్ముడూ. అదీ నాలాగే, పెళ్లాం లేనిది."

వాడు నవ్వి దారిచ్చాడు. వసారాలో కాస్పర్ కూర్చుని టీ తాగుతున్నాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, ఎదురుగా రెండు తెరలు. తల ఎత్తి ఎర్నిస్‌ను ఒకసారి చూసి, మళ్లీ తెరల్లోకి దిగిపోయాడు.

మీటర్ వంటింట్లో ఉంది. ఎర్నిస్ మూత విప్పుతుండగా వెనక జుంకాల చప్పుడు వినిపించింది.

"బాగా చూడండి బైకే," అంది సెజిమ్ పైకి, పెద్దాయనతో మాట్లాడినట్టు. "మీటర్ మరీ జోరుగా తిరుగుతోంది." కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులో గొంతు తగ్గింది. "ఆ గడ్డం నీకు నప్పలేదు."

"నిన్ను పట్టుకోమని, కుదరకపోతే చంపమని పంపించారు."

"తెలుసు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆగు. అప్పుడు ఆనకట్ట గేట్లు తెరవబోతున్నారు."

ఎర్నిస్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. కిటికీ అవతల పిల్లలు నది వైపు పరుగెడుతున్నారు.

"ఎలా?"

"కంట్రోల్ రూమ్ ఇంజినీరు నా వీడియో చూసి అక్కడి కంప్యూటర్‌కి అచిక్ పెట్టుకున్నాడు. గుర్రాల మీద ఆడే కోక్-బోరు మ్యాచ్‌లు చూడ్డానికి. ఆ దారినే కాస్పర్ లోపలికి దూరి, గేట్ల ప్రోగ్రామ్‌ని కూడా మా సర్వర్ వైపు తిప్పేశాడు."

"వైరు కోసేస్తాను."

"కోస్తే అప్పుడే తెరుచుకుంటాయి. మా సర్వర్ నుంచి పలకరింపు ఆగితే తెరుచుకోమని చెప్పిపెట్టాడు. ఈ ఇంటి మీద పడ్డా అంతే."

"మరి?"

"వాళ్లకీ గేట్లకీ మధ్య నువ్వు కూర్చో. గేట్ల ప్రోగ్రామ్ సెట్టింగ్‌లో మా అడ్రస్ తీసేసి నీ ల్యాప్‌టాప్ అడ్రస్ పెట్టు. అటు మాట నువ్వు అందుకో, ఇటు మాట నువ్వే చెప్పు. ఈలోగా ఇంజినీరు కిందికెళ్లి గేట్లకి మూడు ఇనప చీలలు చేత్తో దించాలి. అవి దిగితే ఎవడు చెప్పినా కదలవు."

"నాతో వచ్చెయ్."

"నేను కనిపించకపోతే వాడు ఒంటిగంట దాకా ఆగడు."

వసారాలోంచి కాస్పర్ కేకేశాడు. "సెజిమ్, టీ."

"తెస్తున్నా," అందామె. కప్పు కడుగుతూ నిలబడింది. ఎర్నిస్ అడగకూడదనుకున్నదే అడిగాడు.

"అతాని నువ్వే చూపించావా?"

"నేనే."

కుళాయి నీళ్లు పోతూనే ఉన్నాయి.

"ఆయనే చెప్పమన్నాడు. ఊపిరితిత్తుల్లో రాచపుండట. ఎండాకాలం దాటనని డాక్టర్లు చెప్పేశారు. కాస్పర్ నన్ను నమ్మడం లేదు, ఏదో ఒక పెద్ద తలకాయ ఇమ్మన్నాడు. అతాకి కబురు పెడితే, 'ఎలాగూ పోయేదే, పనికొచ్చేట్టు పోతాను, పార్కు చెప్పెయ్' అన్నాడు. నేను మనమనిషినని ఆయనకొక్కడికే తెలుసు ఎర్నిస్. ఆయన పోయాడు. ఇక నాకు మిగిలింది గడియారమే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ ముఖానికి అబద్ధమాడడం రాదు. కాస్పర్ మనుషులు నెలలపాటు నిన్నే చూస్తూ కూర్చున్నారు, మొగుడు నిజంగా ఏడుస్తున్నాడా లేదా అని." ఆమె కప్పు తుడిచింది. "విడాకులు అతా ఆర్డరు, అప్పటికి ఆయనే అధిపతి. ఆ రాత్రి నేను ఏడ్చింది మాత్రం ఎవరి ఆర్డరూ కాదు."

ఎర్నిస్ ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే కుళాయి కట్టేసి, పైకి గట్టిగా అంటోంది.

"బిల్లు ఎక్కువొస్తే మీ ఆఫీసుకొచ్చి గొడవపెట్టుకుంటాను బైకే, చెబుతున్నా."

"రండమ్మా," అన్నాడు ఎర్నిస్. "తప్పకుండా రండి."

*

ఆనకట్ట ఇంజినీరు మమిర్‌కాన్ లావుపాటి మనిషి. ముందు ఎర్నిస్ గుర్తింపు కార్డు చూసి భయపడ్డాడు. విషయం విన్నాక కుర్చీలో కూలబడ్డాడు.

"ఒక్క మ్యాచ్ బైకే. సెమీఫైనల్. మా ఊరి జట్టు. ఆఫీసులో ఆ సైట్ రాదు. ఆ అమ్మాయి అంత చక్కగా చెప్పింది, ఇలా నొక్కండి, అలా నొక్కండి అని…"

"ఎవరు గెలిచారు?"

"మేమే," అన్నాడు మమిర్‌కాన్ ఏడుపు గొంతుతో.

"సరే. ఇప్పుడు గేట్ల ప్రోగ్రామ్ సెట్టింగ్ తెరువు."

అది పాస్‌వర్డ్ అడిగింది. మమిర్‌కాన్ చెమటలు కక్కుతూ తన గుర్రం పేరు కొట్టాడు. కాదంది. పాత గుర్రం పేరు కొట్టాడు. తెరుచుకుంది. ప్రాక్సీ అడ్రస్ దగ్గర అచిక్ పేరు తాచులా పడుకుని ఉంది. ఎర్నిస్ దాన్ని చెరిపి తన ల్యాప్‌టాప్ అడ్రస్, పోర్ట్ నంబరు పెట్టాడు. తన ల్యాప్‌టాప్‌ను అచిక్ వైపు తిప్పాడు. "సేవ్" నొక్కాడు.

అటునుంచి పలకరింపు వచ్చింది. అతని తెర మీద పడింది. అతను దాన్ని అందుకుని గేట్లకు అందించాడు. గేట్లు బదులు చెప్పాయి. అది కూడా అతని చేతి మీదుగానే కాస్పర్‌కు వెళ్లింది.

"పద. చీలలు. ఒంటిగంటకి ఎంతో టైము లేదు," అన్నాడు ఎర్నిస్. మమిర్‌కాన్ వాకీటాకీ పట్టుకుని, తన వయసూ బరువూ మరిచిపోయి ఇనప మెట్లు దిగి పరుగెత్తాడు. ఎర్నిస్ దామిరాకు ఫోన్‌లో ఒక్కమాటే చెప్పాడు. "మనుషుల్ని ఇంటి చుట్టూ పెట్టండి. నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దు. సెజిమ్ మనమనిషి."

దామిరా అడిగింది. "రుజువేమిటి?"

"నేను."

ఒంటిగంటకు ఆర్డరు వచ్చింది. "తెరువు" అన్న చిన్న మాట ఎర్నిస్ తెర మీదికొచ్చి కూర్చుంది. దాన్ని అతను అక్కడే ఆపేశాడు. గేట్ల పేరు మీద తనే బదులు కొట్టాడు. తెరుచుకుంటున్నాయి. పది శాతం.

"ఒకటి దిగింది," వాకీటాకీలో మమిర్‌కాన్ రొప్పు.

ఇరవై శాతం. ముప్పై.

"రెండోది తుప్పుపట్టింది బైకే. సుత్తి దొరికింది, కొడుతున్నా."

నలభై. కింద నది ఒడ్డున కొముజ్ వాద్యం మోగుతోంది. ఎవరో పాప గాలిపటం ఎగరేస్తోంది. తల తిప్పి చూసినప్పుడు గోడ మీది తెర కనిపించింది. అందులో గేట్లు. గట్టిగా మూసుకుని, ఎండలో మెరుస్తూ.

కెమెరా.

కెమెరా వేరే అప్లికేషన్. దాని సెట్టింగ్ దానిదే. అది ఎర్నిస్ మీదుగా వెళ్లడం లేదు. ఇప్పటికీ అచిక్ మీదుగా నేరుగా కాస్పర్ ముందున్న రెండో తెరకు వెళుతోంది. దాన్ని ఆపితే వాడికి అనుమానం. ఆపకపోతే వాడు తల తిప్పితే చాలు.

సెజిమ్ కెమెరా మాట చెప్పలేదు. అన్నిటికీ పెట్టాలి, లేకపోతే దేనికీ వద్దని దేశమంతటికీ నేర్పిన మనిషి.

"రెండోది దిగింది బైకే."

"మూడోది. తొందరగా."

యాభై అని కొట్టాడు. అటునుంచి జవాబు ఆగింది. పలకరింపు కూడా ఆగింది. అచిక్ లైను చచ్చిపోయింది. కాస్పర్ చూశాడు.

ఎర్నిస్ తనే పలకరింపు పంపడానికి కీబోర్డు మీదికి వంగాడు. ఆ పలకరింపుకో గుప్తపదం ఉంది. అది వాళ్ల సర్వర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. కింద ఎక్కడో మోటార్లు గుర్రుమన్నాయి. కంట్రోల్ రూమ్ నేల అదిరింది. గేట్లు పైకి లేవబోయాయి.

వాకీటాకీలో ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు.

మోటార్లు మూలిగాయి, మూలిగి మూలిగి కాలిన వాసనతో ఆగిపోయాయి. గేట్ల కిందనుంచి ఒక సన్నటి నీటి పాయ చిమ్మి, రాళ్ల మీద పడి చెదిరిపోయింది. అంతే.

"దిగింది," అన్నాడు మమిర్‌కాన్. తర్వాత వెక్కిళ్లు మాత్రమే వినిపించాయి.

"ఎజె, ఇప్పుడు," అని ఫోన్‌లో అరిచి ఎర్నిస్ జీపు వైపు పరుగెత్తాడు. నది ఒడ్డున జనం గుర్రాలకు చప్పట్లు కొడుతున్నారు.

*

ఇంటి చుట్టూ ఉన్నవాళ్లను తప్పించుకుని పారిపోతున్న కాస్పర్‌ను ఊరి వంతెన దగ్గర పట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా మీద టీ మరకలున్నాయి.

ఏం జరిగిందో కాపలావాడు విచారణలో చెప్పాడు. ఒంటిగంట కాగానే ఆమె టీ పళ్లెం తెచ్చి రెండో తెరకు అడ్డంగా నిలబడిందట. తప్పుకోమన్నాడు కాస్పర్. "ముందు తాగు, చల్లారిపోతోంది" అందట. మళ్లీ తప్పుకోమన్నాడు. పళ్లెం వాడి మీద పడేసి, తెరను పెరికి గుండెలకు హత్తుకుని గోడకు ఆనుకుంది. ఎంత లాగినా ఇవ్వలేదు. కాల్చాక కూడా చాలాసేపు వదల్లేదు అన్నాడు కాపలావాడు, తనే నమ్మలేనట్టు. ఆ చాలాసేపే మూడో చీల దిగడానికి పట్టింది.

ఎర్నిస్ వెళ్లేసరికి ఆమె వసారాలో గోడవారగా కూర్చుని ఉంది. ఒక జుంకా ఊడి ఒళ్లో పడింది. అతను దాన్ని తీసి ఆమె చెవికి పెట్టబోయాడు. ఎలా పెట్టాలో తెలియలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె చెవికి తను జుంకా పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"బయటికి చెప్పడానికి లేదు," అంది దామిరా అతని పక్కన నిలబడి. మొదటిసారి ఆమె గొంతులో అక్క వినిపించింది. "ఆ ముఠాలో అతా దాచిపెట్టిన మన మనుషులు ఇంకా ఉండొచ్చు. ఆమె మనదని తెలిస్తే వాళ్లని ఒక్కొక్కరినీ గాలిస్తారు. కారు ప్రమాదమని చెబుదాం."

"రికార్డులో?"

"ద్రోహి అనే ఉంటుంది. కొన్నాళ్లు."

"ఎన్నాళ్లు ఎజె?"

ఆమె వంగి, నేల మీద పడి ఉన్న టీ పళ్లెం తీసి గోడకు ఆనించింది.

సెజిమ్‌ను నరీన్ దగ్గర ఆమె పుట్టిన ఊళ్లో పాతిపెట్టారు. ఆనవాయితీ ప్రకారం ఇంటి ముందు యుర్తా గుడారం వేశారు. లోపల ఆడవాళ్లు శోకాలు పెడుతున్నారు. బయట ఆ ఇంటి మగవాళ్లు కర్రల మీద ఆనుకుని, వచ్చేవాళ్లకు వినిపించేలా గొంతెత్తి ఏడుస్తున్నారు. ఎర్నిస్ వెళ్లి ఆ వరసలో నిలబడబోయాడు. సెజిమ్ వాళ్ల అన్నయ్య మెదెర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెందుకొచ్చావ్?"

"ఏడవడానికి."

"విడాకులిచ్చినవాడికి ఇక్కడ చోటు లేదు. నువ్వు వదిలేశాకే అది చెడ్డవాళ్లతో చేరింది. నీ దగ్గరే ఉంటే బతికుండేది."

ఎర్నిస్ దగ్గర చెప్పడానికి ఒక దేశమంత మాట ఉంది. చెప్పలేదు. "నిజమే బైకే" అని, దూరంగా కార్లు ఆపిన చోటికి నడిచాడు. అక్కడ ఎవరిదో టాక్సీ వెనక నిలబడి, యుర్తా వైపు తిరిగి, వరసలో ఉన్న మగవాళ్లతో పాటే గొంతు కలిపి ఏడ్చాడు. గాలి అటునుంచి వీస్తోంది. అతని ఏడుపు వాళ్లకు వినపడలేదు.

తిరిగొచ్చాక సెలవు అడిగాడు. మాజీ భార్య చనిపోతే సెలవిచ్చే నిబంధన శాఖలో లేదన్నారు. అయితే పంటినొప్పి అన్నాడు. దానికి దంత వైద్యుడి చీటీ కావాలన్నారు. ఎర్నిస్ వెళ్లి, బాగానే ఉన్న పన్ను ఒకటి పీకించుకొచ్చాడు.